బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఎవరి అనుమతి కావాలి?

‘ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావమ్మా?’

పిల్లల ఆసుపత్రుల్లో రోజూ వినిపించే ప్రశ్న ఇది. డాక్టరు అడుగుతాడు, నర్సు అడుగుతుంది. ఇంటికొచ్చాక చుట్టపుచూపుగా వచ్చిన వాళ్ళూ, పక్కింటావిడా అదే అడుగుతారు. జవాబు చెప్పలేక తలవంచుకునేది మాత్రం తల్లి ఒక్కతే. ఆ ‘ఇన్నాళ్ళూ’ ఆ ఇంట్లో ఏం జరిగిందో ఎవరైనా ఆరా తీస్తారా?

మొదటిరోజు రాత్రే బిడ్డ ఒళ్ళు కాలిపోతోందని ఆమె చెప్పే ఉంటుంది. ‘దిష్టి తగిలింది, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వెయ్యి’ అని ఒకరంటారు. ‘పళ్ళొస్తున్నాయి, అందుకే ఈ విరేచనాలు’ అని ఇంకొకరు తేల్చేస్తారు. ‘చిన్న జలుబుకే డాక్టరా? మేం నలుగుర్ని పెంచలేదా?’ అని పెద్దావిడ నొచ్చుకుంటుంది. ‘ఇవాళ ఆదివారం, రేపు చూద్దాంలే’ అని భర్త టీవీ వైపు తిరుగుతాడు. అలా రెండు రోజులు గడిచిపోతాయి. మూడోరోజు బిడ్డ కళ్ళు తేలేస్తే అప్పుడు ఇంటిల్లిపాదీ పరుగులు! చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కదా.

ఇలాంటి ఇళ్ళు పల్లెల్లోనే ఉంటాయనుకోవడం పొరపాటు. హైదరాబాదు అపార్టుమెంట్లలోనూ ఉన్నాయి, విజయవాడ, వరంగల్ వీధుల్లోనూ ఉన్నాయి. చదువుకుని ఉద్యోగం చేస్తున్న అమ్మాయిలు కూడా బిడ్డ జ్వరం విషయంలో ‘వాళ్ళొచ్చాక అడిగి చెబుతాను’ అనే అంటున్నారు.

బాధ్యత ఆమెది, అధికారం అందరిదీ

బిడ్డకు స్నానం చేయించేది తల్లి. పాలు పట్టేది తల్లి. రాత్రి మూడుసార్లు లేచి ఒళ్ళు తడిమి చూసేది కూడా ఆమే. బిడ్డ మామూలుగా ఎలా ఏడుస్తాడో, ఎన్నిసార్లు పక్క తడుపుతాడో, ఏ పూట ఎంత తింటాడో ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. మామూలుకూ, తేడాకూ మధ్య గీత ముందుగా కనిపించేది ఆమెకే. అయినా బిడ్డను బయటికి తీసుకెళ్ళాలా వద్దా అన్న నిర్ణయం దగ్గరికొచ్చేసరికి ఆమె మాట చివరికి పోతుంది. చేతిలో డబ్బుండదు. ఉన్నా ఒంటరిగా ఆటో ఎక్కి వెళితే ‘మాకు చెప్పకుండా వెళ్ళింది’ అన్న నింద. తీరా పరిస్థితి విషమిస్తే ‘తల్లివి, నీకు తెలియొద్దూ?’ అని ఆమెనే నిలదీస్తారు. ఇదెక్కడి న్యాయం?

ప్రసవ సమయంలో తల్లులు ఎందుకు చనిపోతున్నారో వివరించడానికి నిపుణులు 1994లో ‘మూడు ఆలస్యాలు’ అన్న మాట వాడారు. ఆసుపత్రికి వెళ్ళాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, అక్కడికి చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. పిల్లల జబ్బులకూ ఈ లెక్కే వర్తిస్తుంది. రెండో ఆలస్యాన్ని తగ్గించడానికి 2005 నుంచి మనకు 108 అంబులెన్సు ఉంది. మూడోదాన్ని తగ్గించమని ప్రభుత్వాన్ని అడగాలి, గట్టిగానే అడగాలి. కానీ మొదటి ఆలస్యం మన వంటింటికీ, వసారాకీ మధ్యనే జరుగుతోంది. దాన్ని ఏ ప్రభుత్వమూ వచ్చి సరిచేయదు. మనమే సరిచేసుకోవాలి.

ఇంకో చేదు నిజం కూడా ఉంది. మన దేశంలో అయిదేళ్ళలోపు ఆడపిల్లల మరణాలు చాలాకాలం మగపిల్లల కంటే ఎక్కువగా ఉండేవి. పుట్టుకతో ఆడపిల్లలు గట్టివాళ్ళని వైద్యులు చెబుతుంటే ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? మగపిల్లాడికి జ్వరమొస్తే రాత్రికి రాత్రే బండి కట్టించి, ఆడపిల్లకొస్తే ‘తెల్లారనీ’ అన్న మనసులో నుంచే వచ్చింది. ఆ మనసు అన్ని ఇళ్ళలోనూ పోయిందని గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పగలమా?

ప్రతి తుమ్ముకూ పరుగెత్తమని కాదు

ఇదంతా చదివి అత్తగార్లకు కోపం రావచ్చు. వాళ్ళ మాటలోనూ నిజముంది. పిల్లల జబ్బుల్లో ఎక్కువ భాగం వాటంతటవే తగ్గేవే. బడికీ, అంగన్‌వాడీకీ వెళ్ళే పిల్లలకు ఏడాదిలో ఆరేడుసార్లు జలుబు చేయడం మామూలే. ముక్కు కారడం వారంలో సర్దుకున్నా, దగ్గు రెండు మూడు వారాలు ఉండొచ్చు. బిడ్డ ఆడుకుంటూ, నీళ్ళూ పాలూ తాగుతూ, పిలిస్తే నవ్వుతూ ఉంటే ఒకటి రెండు రోజులు ఇంట్లోనే కనిపెట్టుకుని ఉండొచ్చు. ఆ కనిపెట్టుకుని ఉండటం పెద్దవాళ్ళకు బాగా తెలుసు. హడావుడి పడే కోడలికి వాళ్ళు ఇచ్చే ధైర్యం తక్కువదేమీ కాదు.

అసలు మనలో కొందరిది దీనికి తలకిందులు వరస. ఒళ్ళు వెచ్చబడగానే ఆర్‌ఎంపీ దగ్గరికి పరుగెత్తి ‘ఇంజక్షన్ వెయ్యండి’ అంటారు. వెయ్యకపోతే ఆయనకు వైద్యం రాదని తీర్మానిస్తారు. పోయినసారి రాసిన చీటీ చూపించి మందుల షాపులో యాంటీబయాటిక్ కొనేస్తారు. పెద్దవాడికి మిగిలిన సిరప్పు చిన్నదానికి పోస్తారు. జలుబు వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. అక్కర లేనప్పుడు వాడితే, అక్కర పడ్డ రోజున అది పని చేయకుండా పోయే ప్రమాదం ఉంది.

దగ్గు మందుల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. 2025లో మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గు సిరప్పు తాగి ఇరవై మందికి పైగా పిల్లలు మూత్రపిండాలు పాడై చనిపోయారు. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వనే వద్దని, అయిదేళ్ళలోపు వాళ్ళకూ మామూలుగా అక్కర లేదని కేంద్ర ఆరోగ్య శాఖ ఆ అక్టోబరులోనే చెప్పింది. ఏడాది దాటిన బిడ్డకైతే గోరువెచ్చని నీళ్ళూ, అర చెంచా తేనే చాలు. ఏడాది లోపు తేనె నాకించకూడదు.

జ్వరానికి పారాసిటమాల్ ఒకటి ఇంట్లో ఉంచుకోవచ్చు. కానీ దాన్ని వయసు చూసి కాదు, బరువు చూసి పోయాలి. కిలోకు పది నుంచి పదిహేను మిల్లీగ్రాముల చొప్పున, మధ్యలో కనీసం నాలుగు గంటలైనా ఎడం ఉంచి, రోజుకు నాలుగుసార్లు మించకుండా ఇస్తారు. సీసాల్లో తేడాలుంటాయి. ఒక కంపెనీ సిరప్పులో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములుంటే, ఇంకోదాంట్లో 250 ఉంటుంది. చుక్కల మందు ఇంకా చిక్కన. ‘ఒక మూత పొయ్యి’ అనే లెక్క ఇక్కడ పనికిరాదు. నిమెసులైడ్ అన్న మందును పన్నెండేళ్ళలోపు పిల్లలకు ఇవ్వకూడదని 2011లోనే మన ప్రభుత్వం నిషేధించింది. ఆస్పిరిన్ కూడా పిల్లల జ్వరానికి వద్దు.

ఇక ముక్కుల్లో ఆముదం పొయ్యడం, చెవుల్లో నూనె వెయ్యడం, కామెర్లకు వాతలు పెట్టడం... వీటిని ఆచారమంటూ సమర్థించేవాళ్ళు ఇంకా ఉన్నారు. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే నిమ్ము చేస్తుంది. వాత పెడితే కాలిన పుండు తప్ప కామెర్లు తగ్గవు. దిష్టి తీసుకోండి, ఎవరూ కాదనరు. తీసేశాక మాత్రం బిడ్డ ఊపిరి ఎలా ఉందో కూడా చూడండి.

ఇవి కనిపిస్తే చర్చలు వద్దు

మరి ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు బయల్దేరాలి? ఏఎన్‌ఎంలకూ, అంగన్‌వాడీ కార్యకర్తలకూ నేర్పే గుర్తులే ప్రతి ఇంట్లో తెలిసి ఉంటే సగం తగాదా తీరిపోతుంది. అయిదేళ్ళలోపు బిడ్డ పాలు గానీ నీళ్ళు గానీ తాగలేకపోయినా, తాగిందల్లా కక్కేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, మత్తుగా పడుండి లేపినా సరిగా లేవకపోయినా ఆలోచించడానికి ఏమీ లేదు. అప్పటికప్పుడు బయల్దేరాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి చాలు.

ఊపిరి లెక్క చూడటం ఇంకో విద్య. దీనికి చదువు అక్కర లేదు, సెకన్ల ముల్లున్న గడియారం చాలు. బిడ్డ ఏడవకుండా, నిమ్మళంగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి నిండా ఒక నిమిషం చూడాలి. పొట్ట లేచి దిగితే ఒకటి. రెండు నెలల లోపు పసికందుకు నిమిషానికి 60 అంతకు మించినా, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 అంతకు మించినా, ఏడాది నుంచి అయిదేళ్ళ వరకు 40 అంతకు మించినా వేగంగా ఊపిరి తీస్తున్నట్టే. నిమోనియా కావచ్చు. అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఇక డొక్కలు ఎగరేస్తున్నా, ఊపిరి తీసినప్పుడు మూలుగు వినిపిస్తున్నా, పెదవులు నీలంగా మారినా వెంటనే పెద్దాసుపత్రికే వెళ్ళాలి.

జ్వరం ఎంతుందన్న దానికంటే ఎవరికి వచ్చింది అన్నది ముఖ్యం. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీలు దాటితే, అది మామూలు జ్వరమా కాదా అని ఇంట్లో తేల్చే పనే లేదు. వెంటనే చూపించాలి. పసికందు ఒళ్ళు చల్లబడి, పాలు తాగడం మానేసినా అంతే ప్రమాదం. పుట్టిన మొదటిరోజే ఒళ్ళు పచ్చబడినా, పసుపు అరచేతులకూ అరికాళ్ళకూ దిగినా ఎండలో పెట్టి కూర్చోవద్దు. కాస్త పెద్దపిల్లలైతే జ్వరం మూడు రోజులు దాటినా, మెడ బిగుసుకున్నా, నొక్కినా రంగు మారని ఎర్రని, ఊదారంగు మచ్చలు ఒంటిమీద తేలినా ఆలస్యం చేయకూడదు.

మన ఊళ్ళలో వర్షాకాలం వస్తే డెంగీ భయం. ‘జ్వరం తగ్గింది, గండం గడిచింది’ అనుకుంటాం కదా, డెంగీలో అసలు గండం అప్పుడే మొదలు కావచ్చు. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం దిగే వేళ కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి నెత్తురు, చేతులూ కాళ్ళూ చల్లబడటం, మూత్రం తగ్గడం, నీరసంగా వాలిపోవడం కనిపిస్తే ఒక్క గంట కూడా వృథా చేయకూడదు.

జ్వరంతో ఫిట్స్ రావడం ఆర్నెల్ల నుంచి అయిదేళ్ళ పిల్లల్లో ఉంటుంది. చూసేవాళ్ళకు గుండె ఆగినంత పనవుతుంది. చేతిలో తాళంచెవులు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, మొహాన నీళ్ళు కొట్టడం చెయ్యొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే ప్రాణాపాయమని భావించి 108కి ఫోన్ చేయండి. అంతలోపే ఆగిపోయినా, మొదటిసారి అయితే తప్పకుండా డాక్టరుకు చూపించాలి.

విరేచనాలు: ఎండిపోవడమే అసలు జబ్బు

విరేచనాలు పట్టుకున్న బిడ్డకు నీళ్ళిస్తే ఇంకా అవుతాయని కడుపు మాడ్చే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. బిడ్డ ప్రాణం తీసేది విరేచనం కాదు, ఒంట్లో నీళ్ళూ ఉప్పులూ ఎండిపోవడం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించింది. సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ, గ్లూకోజూ కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో నింపి, తల్లులూ బంధువులూ గ్లాసులతో తాగించేలా చేశారు. అక్కడ మరణాలు నూటికి ముప్ఫై దాకా ఉన్నవి నాలుగు లోపుకు దిగాయి. అక్కడ నర్సుల పని చేసింది మామూలు ఇల్లాళ్ళే అన్న సంగతి గుర్తుంచుకోండి.

ఓఆర్‌ఎస్ పెద్ద పొట్లం ఒకటి లీటరు తాగే నీళ్ళలో పూర్తిగా కలపాలి. సగం పొట్లం గ్లాసులో వేసుకోవడం తప్పు, ప్రమాదం కూడా. కలిపింది ఇరవైనాలుగు గంటలు మించి ఉంచకూడదు. రెండేళ్ళలోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకు పైబడిన వాళ్ళకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు చెంచాతో మెల్లగా పట్టాలి. కక్కితే పది నిమిషాలాగి మళ్ళీ మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపనే వద్దు. జింక్ బిళ్ళలు పద్నాలుగు రోజులు వెయ్యాలి. ఆశా కార్యకర్తను అడిగితే ఇస్తుంది. విరేచనాలను ఠక్కున ఆపే పెద్దల బిళ్ళలు పిల్లలకు వద్దే వద్దు.

కొనేటప్పుడు పేరు చూసి మోసపోకండి. తియ్యటి పళ్ళరసాల డబ్బాలను ‘ఓఆర్‌ఎస్’ అన్న అక్షరాలతో మందుల షాపుల్లోనే అమ్ముతుంటే, హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. చక్కెర ఎక్కువైన నీళ్ళు విరేచనాలను పెంచుతాయి. అందుకని ‘ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా’ అని రాసి ఉన్న పొట్లమే అడిగి తీసుకోండి. ఒక స్త్రీ పట్టుదల ఎంత దూరం వెళ్ళగలదో చూశారా?

కళ్ళు లోతుకు పోయినా, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోయినా, నడినెత్తిన మాడు గుంట పడినా, పొట్ట మీది చర్మం పట్టి వదిలితే మెల్లగా వెనక్కి వెళ్ళినా, ఆరేడు గంటలు మూత్రం పొయ్యకపోయినా, విరేచనంలో నెత్తురు పడినా ఇక ఇంటి వైద్యం చాలదు.

తల్లి మాట కూడా ఒక లక్షణమే

ఇవన్నీ కాగితం మీద రాయగల గుర్తులు. కొన్నిసార్లు ఏ గుర్తూ సరిగా కుదరదు. అయినా తల్లి ‘వీడు నా పిల్లాడిలా లేడు, ఏదో తేడాగా ఉంది’ అంటుంది. ఆ మాటను భయమని, అతి అని కొట్టిపారేయడం ఇంట్లోనే కాదు, ఆసుపత్రుల్లోనూ జరుగుతోంది. ‘నువ్వు డాక్టరువా?’ అన్న విసురు వినని తల్లి ఉంటుందా?

ఇంగ్లండులో 2021లో మార్తా మిల్స్ అనే పదమూడేళ్ళ అమ్మాయి ఆసుపత్రిలో ఉండగానే రక్తంలో ఇన్ఫెక్షను ముదిరి చనిపోయింది. బిడ్డ పరిస్థితి దిగజారుతోందని తల్లిదండ్రులు చెప్పినా సకాలంలో పట్టించుకోలేదు. ఆ తల్లి పోరాటం వల్ల 2024 నుంచి అక్కడి ఆసుపత్రుల్లో ‘మార్తా నియమం’ మొదలైంది. తమ మాట వినడం లేదనిపిస్తే వేరే వైద్య బృందం వచ్చి వెంటనే చూడాలని కుటుంబం కోరవచ్చు. అంతటి దేశంలోనే తల్లి మాటకు విలువ తెప్పించడానికి ఒక నియమం కావలసి వచ్చిందంటే, మన దగ్గర ఇంకెంత కావాలి?

డాక్టర్లకు ఒక మనవి. ‘ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావ్?’ అని తల్లిని అడిగే బదులు, ‘నువ్వు మొదట ఎప్పుడు గమనించావమ్మా, ఎందుకు రాలేకపోయావు?’ అని పక్కనున్న పెద్దలకు కూడా వినబడేలా అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో ఆ ఇంట్లో వచ్చేసారి ఆలస్యం తగ్గవచ్చు. తల్లులూ ‘బాగా లేడండి’ అని ఊరుకోకండి. జ్వరం ఎప్పుడు మొదలైంది, ఎంత ఉంది, ఏ మందు ఎంత పోశారు, ఎన్ని విరేచనాలు, ఆఖరుసారి మూత్రం ఎప్పుడు పోశాడు అని ఒక చీటీ మీద రాసి చూపించండి. రాసుకున్న మాటను కొట్టిపారేయడం ఎవరికైనా కష్టం.

ఒప్పందం ముందే చేసుకోండి

జబ్బు వచ్చిన రాత్రి వాదించుకుంటే ఫలితముండదు. అందరూ నిమ్మళంగా ఉన్నప్పుడే, భర్తనూ అత్తమామలనూ కూర్చోబెట్టి ఒక మాట అనుకోండి. పైన చెప్పిన గుర్తుల్లో ఏదైనా కనిపిస్తే ఎవరు ఇంట్లో ఉన్నా లేకున్నా, బిడ్డ దగ్గరున్న మనిషే బయల్దేరాలి. తర్వాత ఎవరూ సాధించకూడదు. గుర్తులు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకో, క్యాలెండర్ పక్కనో అంటించండి. ‘కోడలు చెప్పింది’ అంటే కాదనే పెద్దావిడ కూడా గోడ మీది కాగితానికి తల ఊపుతుంది. పైగా ఊపిరి లెక్కపెట్టడం ఆవిడకే నేర్పండి. ఓపికగా మనవడి పక్కన నిమిషంపాటు కూర్చోగలిగేది ఆవిడే.

పోపులడబ్బాలోనో, మరెక్కడో ఆటో ఖర్చుకూ మందులకూ సరిపడా డబ్బు విడిగా ఉంచుకోండి. అది ఇంటి ఖర్చు, దానికి సంజాయిషీ అక్కర లేదు. థర్మామీటరు, రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు, టీకాల కార్డు, బిడ్డ తాజా బరువు రాసిన చీటీ ఒకే చోట పెట్టండి. రాత్రివేళ పిల్లల డాక్టరు ఉండే ఆసుపత్రి మీ ఊళ్ళో ఏదో ముందే కనుక్కోండి. ఆడపిల్లకూ, మగపిల్లాడికీ ఇదే లెక్క అని కూడా అందరి ముందూ అనేయండి.

తీసుకెళ్ళాక డాక్టరు ‘ఏమీ లేదమ్మా, మామూలు జలుబే’ అంటే ఇంటికొచ్చి నవ్వేవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి! పోయింది ఒక పూట, ఆటో కిరాయి. తీసుకెళ్ళకపోతే పోయేదానికి వెల కట్టగలమా? భర్తలు ఈ నవ్వులో కలవకుండా, ‘మంచి పని చేశావ్’ అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట విన్న తల్లి మళ్ళీ అవసరమైనప్పుడు ఎవరి మొహం వైపూ చూస్తూ నిలబడిపోదు. బిడ్డను భుజాన వేసుకుని చెప్పులేసుకుంటుంది.